మా ఇంట్లో లేని బావ

ఈ గాజువాకలో ఎవణ్ణి పిలవాలన్నా బావే. షేర్ ఆటో నడిపేవాడు బావ, దారివ్వమని హారన్ కొట్టేవాడు బావ, చేపల దగ్గర బేరం కుదరక గొణుక్కుంటూ పోయేవాడూ బావే. చుట్టరికం అక్కర్లేదు, మొహం తెలిసి ఉండాల్సిన పని కూడా లేదు. స్టీలు పనికీ పోర్టు పనికీ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు కూడా కొన్నాళ్ళు ఇక్కడి నీళ్ళు తాగితే చాలు, ఒకరినొకరు బావా అనుకుంటూ తిరుగుతారు. అంత చవకైన మాట అది. పోయిన వేసవిలో ఆ మాటే మా ఇంటి మీద పడింది.

విచిత్రం ఏమిటంటే మా ఇంట్లో ఆ మాట లేదు. నేను చేసుకున్నది మా అమ్మ తమ్ముణ్ణి, జగ్గారావుని. మా తమ్ముడు చందూకి ఆయన పుట్టిన దగ్గర్నించీ మేనమామ, నన్ను చేసుకున్నాకా మేనమామే. వాడూ మావా అనేవాడు, నేనూ మావా అనే అంటాను. నన్ను వాడు అప్పా అంటాడు. మా ఊళ్ళ వైపు తోడబుట్టిన పెద్దదాన్ని అక్క అనరు, అప్ప అంటారు. అమ్మ పోయినప్పుడు వాణ్ణి మాతోపాటే ఇక్కడికి తెచ్చుకున్నాం. మాకు పిల్లలు కలగలేదు. చందూ ఉండగా ఆ లోటు గురించి ఆయన ఒక్కనాడూ నోరు విప్పలేదు.

ఆ చందూయే ఇప్పుడు 'పన్లోకి చందు'. ఫోన్లో పేరెక్కించుకుంటే చాలు, అచ్యుతాపురం కంపెనీలు పిలిచి పని ఇస్తాయి. ఆ యాప్ పేరు పన్లోకి. సగం మంది వాణ్ణి దేవుడన్నారు, సగం మంది మనుషుల్ని అమ్ముకునేవాడన్నారు. వాడు రోజూ వీడియోల్లో ఏదో ఒకటి చెప్పేవాడు, జనం రోజూ దాని మీద కొట్టుకునేవారు. పోర్టులో ఖలాసీ పని ఆగిపోయి ఇంట్లో కూర్చున్న మా ఆయనకి ఒక పని కూడా చూపించాడు. కంపెనీలకి వెళ్ళబోయే కుర్రాళ్ళకి ముందుగా బెల్టు కట్టుకోవడం, మాస్కు పెట్టుకోవడం నేర్పే షెడ్డు ఒకటుంది, దాన్ని ఆయనకి అప్పగించాడు. మేనల్లుడి షెడ్డు అని ఆయన పొద్దున్నే వెళ్ళి వాకిలి కూడా తనే ఊడ్చుకునేవాడు.

ఉగాది వెళ్ళిన వారంలో శ్రీసత్య అనే పిల్ల మా ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్టీలు ప్లాంటులో చేరాడట, ఈ పిల్ల టౌన్‌షిప్పులోనే పుట్టింది. 'నిగ్గు' అనే వెబ్‌సైటులో పనిచేస్తుంది. నెట్లో తిరిగే మాటల్ని ఆరా తీసి, నిజమైతే ఆకుపచ్చ ముద్ర, అబద్ధమైతే ఎర్ర ముద్ర వేస్తారట. చందూ చెప్పుకున్న సంగతులన్నీ ఒక్కొక్కటే తేలుస్తున్నామంది. మొదటిది, టెన్త్ చదివే రోజుల్లో నాకెవరూ లేక బస్టాండులో పడుకుని చదువుకున్నానని వాడన్న మాట.

నాకు ఒళ్ళు మండింది. కూలరు వేయకపోతే కన్ను మూతపడని మహారాజు వాడు. దాని చప్పుడుకి మాకు నిద్ర పట్టేది కాదు. ఆ మాట అనబోతుంటే మా ఆయన నా వైపు ఒక చూపు చూసి, శ్రీసత్య వైపు తిరిగి, అవునమ్మా, శానా దినాలు బస్టాండులోనే పడుకున్నాడు అనేశాడు. ఆ పిల్ల రాసుకుని, మంచినీళ్ళు తాగి, ఆకుపచ్చ ముద్ర వేసుకోవడానికి వెళ్ళిపోయింది.

"అలా సెప్పేవేటి మావా?" అన్నాను.

"మావ కొన్న కూలరు కింద తొంగున్నానంటే ఆడి వీడియో ఎవుడు సూత్తాడే?" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ ఊరుకున్నాను. పిల్లాడు బాగుపడుతున్నాడు కదా అన్నదే ఆయనకి కావాలి.

ఎండలు ముదిరాక అచ్యుతాపురంలో ఒక రంగుల కంపెనీలో ట్యాంకు కడగడానికి దిగిన కుర్రాడొకడు విషవాయువు పీల్చి లోపలే పడిపోయాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు. పేరు సింహాద్రి, సబ్బవరం అవతల ఏదో పల్లె. మాస్కు వాడి మెడకి వేలాడుతూ ఉందట. పెట్టుకోవడం ఎవరూ నేర్పలేదు. యాప్‌లో మాత్రం వాడి పేరు పక్కన 'నేర్చుకున్నాడు' అని ఆకుపచ్చ గుర్తు ఉంది. ఆ గుర్తు చూసే మేం తీసుకున్నామని కంపెనీ చేతులు దులుపుకుంది.

మా ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ గుంటడు నా కాడికి రానేలేదే, నాకు మొకం గుర్తుండదా అని పదే పదే అన్నాడు. ఆ గుర్తు పెట్టేది ఆయన కాదు. ఆయన చేతి ఫోన్లో మాటలు వినబడ్డమే తప్ప ఇంకేం జరగదు. కుర్రాళ్ళని పోగుచేసి యాప్‌లోకి ఎక్కించే కాంట్రాక్టరు పెడతాడు.

ఆ తర్వాత ఆడియో ఒకటి బయటికొచ్చింది. చందూ గొంతే, అందులో అనుమానం లేదు. అవతలి మనిషి గొంతు లేదు. "బావా, ఆ కుర్రోళ్ళకి నేర్పీసినట్టు గుర్తు కొట్టీయ్. రేపే కావాలంట ఆళ్ళకి. అక్కకి మాత్రం సెప్పకు."

వినగానే మా వీధిలో ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది, ఎవరా బావ అని. మలుపులో మేడ ఉన్న ఎల్లాజీ. కుర్రాళ్ళని ఎక్కించే కాంట్రాక్టరు వాడే. వాడి పెళ్ళాం మా వార్డు కార్పొరేటరు. చిన్నా పెద్దా అందరూ ఆవిణ్ణి అక్క అంటారు, ఫ్లెక్సీల మీద కూడా అక్క అనే వేయిస్తారు. ఆ నేర్పుడు షెడ్డుకి రిబ్బను కత్తిరించి, నా వార్డు పిల్లలు ఒక్కరు కూడా నేర్చుకోకుండా పనికి వెళ్ళరని మైకులో చెప్పింది ఆవిడే. అందుకే ఆవిడకి చెప్పొద్దన్నాడు.

మా వీధికి తెలిసింది లోకానికి ఎలా తెలుస్తుంది? బావ అంటే అక్క మొగుడు, అక్కకి చెప్పకు అన్నాడు కూడా, ఇంకేం సాక్ష్యం కావాలి అన్నారు. చందూకి ఒక్కతే అక్క, ఆవిడకి ఒక్కడే మొగుడు, ఆ మొగుడు ఉండేది ఆ షెడ్డులోనే. సాయంత్రానికల్లా షెడ్డు ముందు చీపురు పట్టుకుని నిలబడ్డ మా ఆయన ఫొటో ఊరంతా తిరిగింది. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళు గుడ్డలు వెనక్కి పట్టుకెళ్ళిపోయారు.

చందూకి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేశాను. ఆఖరికి ఆఫీసులో ఎవరో ఎత్తి, సార్ చూసుకుంటారు, మీరు ఎవరితోనూ మాట్లాడకండి అన్నారు.

ఒక మధ్యాహ్నం సింహాద్రి తల్లి వచ్చింది. కనకరత్నం ఆమె పేరు. ఎవరో ఇల్లు చూపించి పోయారు. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం మీదే కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. మా ఆయన గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టి, తనూ కింద కూర్చున్నాడు.

"నా కొడుకు నీ కాడికి ఒచ్చినాడా?" అని అడిగింది.

"రాలేదమ్మా."

"మరి నేర్చీసుకున్నాడని ఎవులు రాసినారు?"

ఆయన తల దించుకున్నాడు. నేను రాయలేదు అంటే మరెవరు అంటుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్తే తీగ లాగినట్టు చందూ దాకా వెళుతుంది. ఆమె చాలాసేపు ఆయన నెత్తి వైపే చూసి, లేచి వెళ్ళిపోయింది. నీళ్ళు ముట్టుకోలేదు.

"నోరు పడిపోయిందేటి నీకు?" అని నేను విరుచుకుపడ్డాను. "ఎల్లాజీ అని సెప్పీలేకపోయావా?"

"ఆడే సెప్తాడే. ఆడి నోటితో ఆడు సెప్పాల. మనం సెప్తే పెంచినోళ్ళే తోసీసినట్టు ఉంటాది," అన్నాడు.

ఆయన నమ్మకానికి నేను దణ్ణం పెట్టి, శ్రీసత్యకి ఫోను చేశాను. ఆ పిల్ల మర్నాడే వచ్చింది. మా ఇంట్లో ఆ రెండు మాటలూ లేవమ్మా, బావా లేడు, అక్కా లేదు అని మొత్తం చెప్పాను. చుట్టరికం విప్పి చెప్పేసరికి ఆ పిల్లకి వెంటనే అర్థమైంది. తెలుగు పిల్లే కదా. గోడ మీది ఫొటో దించి చేతిలో పెట్టాను. సింహాచలం కొండ మీద తీసింది. అప్పుడే మీసం మొలుస్తున్న మా ఆయన ఒళ్ళో చందూ, సగం గుండు, నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. పక్కన రిబ్బన్లు కట్టుకుని నేను. పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్ళోనే కదమ్మా తీయిస్తారు, బావ ఒళ్ళో ఎవరైనా తీయిస్తారా అన్నాను.

శ్రీసత్య ఫొటో చాలాసేపు చూసింది. తర్వాత మెల్లిగా అంది. "నాకు నమ్మకంగానే ఉందండీ. కానీ ఈ పిల్లాడు చందూ గారే అని ఎలా రుజువు చేయను? ఇంకోటండీ, ఏమనుకోకండి. బస్టాండు సంగతి అడిగితే మీవారు అవునన్నారు. అది అబద్ధమని వాళ్ళ స్కూలు మాస్టారు తర్వాత చెప్పారు. ఆ ముద్ర ఎర్రగా మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మళ్ళీ మీ మాటే పట్టుకెళితే మా ఎడిటర్ గారు వినరు. మీ ఇంటివాళ్ళు కానివాళ్ళు ఎవరైనా చెప్పాలి."

ఇంటివాళ్ళు కానివాళ్ళు వీధి నిండా ఉన్నారు. నేనే వెంటబెట్టుకుని గడప గడపకీ తిప్పాను. చాటున నా చెయ్యి పట్టుకుని ఎంత అన్యాయమే గౌరీ అన్నవాళ్ళు, ఆ పిల్ల అడిగేసరికి ఏమోనమ్మా, ఎవరిని ఎవరేమని పిలుచుకుంటారో మనకేం తెలుసు అన్నారు. ఒకరి కొడుకు పన్లోకిలో ఉన్నాడు, ఒకరి కోడలికి కార్పొరేటరు అక్క అంగన్‌వాడీలో పని వేయించింది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ.

ఇక చందూ గారినే సూటిగా అడుగుతానంది శ్రీసత్య. నేను వద్దనబోయాను. మా ఆయన మొహం మాత్రం ఆ ఎండాకాలంలో మొదటిసారి వెలిగింది.

"అడగమ్మా. ఆణ్ణే అడుగు. మిగతావన్నీ యాపారం కోసం సెప్తాడు గాని, నన్ను మావ కాదనడు."

సింహాచలంలో చందనోత్సవం వచ్చింది. ఏడాది పొడుగునా గంధం ముద్దలో దాక్కునే అప్పన్న స్వామి ఆ ఒక్కరోజే నిజరూపంతో కనబడతాడు. మా ఆయన ఏ ఏడూ మానడు. చీకటుండగానే వెళ్ళి, క్యూలో ఎండకి మాడి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. నుదుటి మీద గంధం, చొక్కా అంతా చెమట. స్వామి బాగా కనబడ్డాడే, తోసీలేదు ఈసారి అని సంబరంగా చెప్తుంటే మజ్జిగ ఇచ్చాను. అప్పుడే నా ఫోనుకి శ్రీసత్య దగ్గర్నించి ఒక వీడియో వచ్చింది.

తెల్లగోడ ముందు చందూ కూర్చుని ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. మా యాస ఒక్క ముక్క లేదు. ఆ ఆడియో కత్తిరించి అతికించారని, గుర్తు పెట్టొద్దని తను చెప్పిన మాట కోసేశారని అన్నాడు. "సొంత మనిషని నమ్మాను. మా బావ తొందరపడ్డారు. వద్దన్నా వినలేదు. మా అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఇక నిజం దాచలేను."

మా ఆయన ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. బావ అన్న దగ్గరికి వచ్చేసరికి ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"నన్ను బావ అంటన్నాడే," అన్నాడు.

అంతే. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, చొక్కా విప్పి దండెం మీద ఆరేసి, గోడవారగా పడుకున్నాడు. నుదుటి గంధం అలాగే ఎండిపోయి పెచ్చులుగా రాలింది.

నేను శ్రీసత్యకి ఫోను చేసి నోటికొచ్చినట్టు అన్నాను. దొంగనే పిలిచి దొంగెవరని అడుగుతారా, అదేనా మీ ఆరా అన్నాను. ఆ పిల్ల ఏడుపు గొంతుతో, ఆయనే కెమెరా ముందు చెప్పాక నా మాట ఎవరూ వినలేదండీ, ఎడిటర్ గారు ముద్ర వేసేశారు అంది. చూశాను. 'ఆడియోలోని బావ చందు అక్క భర్తే: నిజం.' ఆకుపచ్చ ముద్ర. సింహాద్రి పేరు పక్కన ఉన్నదీ అలాంటిదే. రెండూ మనిషి మొహం చూడకుండా వేసినవే.

నిజం నిలకడ మీద తేలుతుందంటారు. ఎంత నిలబడితే తేలుతుందో చెప్పినవాడెవడూ లేడు. పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. బెయిలు మీద తిరిగొచ్చేసరికి దవడలు లోపలికి పోయాయి. కేసు మిగిలింది. వీధిలో నడుస్తుంటే జనం పక్కకి తప్పుకునేవారు. గాజువాకలో కుక్కని కూడా బావా అనే ఆటోవాళ్ళు, ఆయన్ని మాత్రం ఓ పెద్దాయనా అనడం మొదలుపెట్టారు. నాకు ఎల్లాజీ మీద అంత కోపం లేదు, వాడు పరాయివాడు. నా కడుపు మండింది నేను ఎత్తుకుని పెంచినవాడి మీద. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్ళ గురించి విన్నాను గాని, తెప్ప మీద మనిషి ఉండగానే తగలేసినవాణ్ణి చూడ్డం అదే.

వానలు మొదలయ్యాక, ఒక ఆదివారం పొద్దున్న, చందూ వచ్చాడు. కారు వీధి చివరే ఆపుకుని, గొడుగేసుకుని నడిచొచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఎప్పటిలాగే తల వంచి గుమ్మం దాటాడు. చిన్నప్పుడు ఒకసారి ఆ గుమ్మానికే తల కొట్టుకున్నాడు.

"మావా," అన్నాడు.

మా ఆయన మంచం మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాడు. తలెత్తి చూశాడు. ఆ మొహంలో కోపం లేదు, వెటకారం లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టే పలకరించాడు.

"రా బామ్మర్దీ. కూకో."

చందూ కూర్చోలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. తప్పు దొరికిపోతే చిన్నప్పట్నించీ వాడికి అంతే. కాసేపు గొడుగు చివర నుంచి కారే నీళ్ళు చూశాడు. తర్వాత గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. అలా అనకపోతే కంపెనీ మూతపడేదట, వేలమంది బతుకులు పోయేవట, ఎల్లాజీ జోలికి వెళితే కార్పొరేటరు అక్క బతకనివ్వదట. లాయరుతో అంతా మాట్లాడాడట.

"ఒక్క మాట మావా. కంగారులో నానే గుర్తు కొట్టించీసినానని కోర్టులో ఒప్పీసుకో. పెద్ద శిక్ష పడదంట. తరవాత అంతా నాను సూసుకుంటాను."

నేను లేచాను. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. చేటలో పప్పు ఒకసారి కుదిపి పక్కన పెట్టాడు.

"మీ మావని అడిగుంటే ఒప్పుకునీవోడు బాబూ," అన్నాడు. "ఒళ్ళో కూకోబెట్టుకున్నోడు గదా, ఏటైనా మోసీవోడు. మొదటి దినమే ఒచ్చి, మావా, నా కోసం జైలుకి ఎల్లు అంటే సొక్కా ఏసుకుని ఎల్లీవోడు. నువ్వు ఆ మావ కాడికి రాలేదు. లోకానికి నన్ను బావని సేసి సూపించినావు, ముద్ర కూడా ఏయించినావు. బావలు మొయ్యరు నాయనా. బావకేటి పని?"

చందూ గొడుగుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"సబ్బవరం ఎల్తన్నాను," అని ఆయన లేచి దండెం మీది చొక్కా అందుకున్నాడు. "కనకరత్నమ్మ నన్ను ఒక మాట అడిగింది, ఎవులు రాసినారని. తల దించుకుని ఊరుకున్నాను. నీకు మావని గదా అప్పుడు. ఇప్పుడు ఎల్లి సెప్పొత్తాను. ఆయమ్మ నమ్మినా సరే, నమ్మకపోయినా సరే."

చొక్కా బొత్తాలు పెట్టుకుని, గొడుగు కూడా తీసుకోకుండా, వాడి పక్కనుంచే వానలోకి దిగి వెళ్ళిపోయాడు. చందూ ఆయన వెనక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి వీడియోలోవి కావని నాకు తెలుసు. తెలిసినా నా మనసు కరగలేదు, కరగనందుకు ఇప్పటికీ బాధ లేదు.

"అప్పా," అన్నాడు.

నేను పప్పు చేట ఎత్తి చంకన పెట్టుకున్నాను.

"అక్క ఇల్లు ఇది కాదు బాబూ," అన్నాను. "ఆ మలుపు తిరిగితే మేడ కనబడతాది."

చందూ చెప్పులేసుకుని, గొడుగు విప్పుకున్నాడు. ఏడ్చుకుంటూ కారు దగ్గరికి పోతాడనుకున్నాను. వాడు నిజంగానే ఆ మలుపు వైపు నడిచాడు.